నెమలికంఠం రంగు, రెండే సీట్లు

ఈరోజు మధ్యాహ్నం మా పాపను బడి నుంచి తీసుకొస్తుంటే అనంతపురం టవర్ క్లాక్ దగ్గర ఒక తోపుడుబండి అడ్డం వచ్చింది. అదేమంత పెద్ద విషయం కాదు. అరటిపండ్లాయన నన్ను చూశాడు, నేను ఆయన్ని చూశాను, ఎవరు ముందు పోవాలో ఇద్దరికీ కళ్ళతోనే తెలిసిపోయింది. వెనక సీట్లో బెల్టు కట్టుకొని కూర్చున్న ఐదేళ్ళ మనిషికి మాత్రం తెలియలేదు. "మా! బ్రేకు! బ్రేకు!" అని అరిచి, బూటుకాలితో నా సీటు వీపు మీద ఒక్క తన్ను తన్నింది. అచ్చం మా అమ్మ గొంతు. అదే విరుపు, అదే తొందర. నాకు ఎంత నవ్వొచ్చిందంటే, పక్కకు తీసి బండి ఆపుకోవాల్సి వచ్చింది. "చూసినావా, ఆపినావు" అంది పాప, తన వల్లే అందరం బతికిపోయినట్టు. ఇప్పుడు ఇంట్లో అందరూ పండుకున్నాక, ఆ అరుపు మా ఇంట్లోకి ఎక్కడినుంచి వచ్చిందో రాసుకోవాలనిపించింది. దాని గురించి చెప్పాలంటే మా నాయన కొన్న కారు గురించి చెప్పాలి. ఆ కారుకు పైకప్పు గుడ్డది. సీట్లు రెండే.

నేను భయస్తురాలిని. దాచుకోవడానికి ఏమీ లేదు. గ్యాసు కట్టేశానో లేదో చూసొచ్చి, చూసొచ్చానో లేదో అని మళ్ళీ పోయి చూసే రకం. పాప పుట్టాక ఆ భయానికి ఒక పని దొరికింది. పాపకు ఆయాసం. ఎండాకాలం గాలి లేచి ఎర్రదుమ్ము ఊరిమీద పడిందంటే దాని రొమ్ములో పిల్లికూనలు అరిచేవి. మా ఆయన గాలిమరల కంపెనీలో షిఫ్టుల ఉద్యోగి. మూడేళ్ళ కిందట ఒకసారి ఆయన కొండమీద పనిలో ఉండగా మిట్టమధ్యాహ్నం పాపకు ఎగశ్వాస మొదలైంది. ఆ రోజు కంపెనీ బస్సులో పోయినాడు కాబట్టి మా తెల్లకారు వాకిట్లోనే ఉంది. రెండో చేతిలో కొన్న చిన్న బండి. తాళం మేకుకు వేలాడుతోంది. లైసెన్సు నా బ్యాగులో ఉంది. డిగ్రీ చదివేటప్పుడే తీసుకున్నాను, పరీక్ష పాసయ్యాను, ఎనిమిది అంకె కూడా వేశాను. అయినా పాపను చంకనేసుకొని ఆ కారు పక్కనుంచే నడిచి, ఎండలో వీధి చివరిదాకా పరుగెత్తి ఆటో కోసం నిలబడ్డాను. ఆటో రావడానికి ఎంతసేపు పట్టిందో నాకు తెలియదు. ఆసుపత్రిలో పాప తేరుకుంది. నేను తేరుకోలేదు. ఇంటికొచ్చి వాకిట్లో ఉన్న బండిని చూస్తే, పెళ్ళివారి ముందు పాట పాడమంటే నోరు పెగలని పిల్లలాగా నేనే అక్కడ నిలబడ్డట్టనిపించింది. ఇంకోసారి ఆయాసం వస్తుంది, అది ఖాయం. అప్పుడు కూడా ఆటో కోసమే నిలబడతానా? ఆ ఏడాదంతా నాకు ఉన్న ప్రశ్న అదొక్కటే.

నేర్చుకోవడానికి ప్రయత్నించలేదని కాదు. ఆదివారం ఆదివారం స్టీరింగు పట్టేదాన్ని. మా ఇంట్లో బండి తీస్తే సీటు ఖాళీగా పోవడం పాపం. పక్కన మా ఆయన, వెనక మా అత్త, ఆమె పక్కన ధర్మవరం నుంచి చుట్టపుచూపుగా వచ్చిన మా అమ్మ, ఒళ్ళో పాప. ముగ్గురు పెద్దవాళ్ళకు కలిపి ఒక్క లైసెన్సు, మూడు నోళ్ళు. "ఏమ్మా, గేరు మార్చలా?" అని అత్త. "క్లచ్చు, క్లచ్చు, క్లచ్చు" అని మా ఆయన. "బ్రేకు! బ్రేకు!" అని మా అమ్మ. అమ్మకు కారు గురించి తెలిసిన మాట అదొక్కటే గనుక దాన్నే అన్నిటికీ వాడేది. గొర్రెలు కనబడితే బ్రేకు, మైలురాయి కనబడితే బ్రేకు, ఎదురుగా ఏమీ లేకుంటే ఎందుకు లేదో అన్న అనుమానంతో బ్రేకు. బండి ఆగిపోయేది. వెనక హారన్లు. నేను దిగి వెనక సీట్లోకి పోయేదాన్ని.

ఇదంతా మా నాయన విన్నాడు. నాయన ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. ముప్పై ఏండ్లు గుంతమగ్గం మీద పట్టుచీరలు నేసినవాడు. చూడనివాళ్ళకు చెప్పాలంటే, గుంతమగ్గం అంటే ఇంటి నడిమి గదిలో నేలను తవ్వి చేసిన గుంత. నేతగాడు నేలమీద కూర్చొని కాళ్ళు గుంతలోకి దించి, అడుగున ఉన్న చెక్కల్ని ఒకటి మార్చి ఒకటి తొక్కుతుంటే నిలువునా కట్టిన పడుగు దారాలు విడిపోయి దారి ఇస్తాయి. ఆ సందులో అడ్డదారం ఉన్న నాడెను చేత్తో పంపుతాడు. నాకు నడక వచ్చేముందు ఆ టకటకలు వచ్చు. మోకాళ్ళు అరిగిపోయాక నాయన నేత మానేసి, పాత వ్యాను ఒకటి కొని ఊర్లో నేసిన చీరలు బెంగళూరు దుకాణాలకు వేసుకుపోయే పనిలో పడ్డాడు. తర్వాత మగ్గం విప్పేసి గుంత పూడ్చి పైన టైల్స్ వేయించారు. అమ్మకు ఆ టైల్స్ అంటే మహా మురిపెం, రోజుకు రెండుసార్లు తుడిచేది. నాయన మాత్రం ఆ చోటుకు వచ్చేసరికి ఇప్పటికీ పక్కకు జరిగి నడుస్తాడు, గుంతలో పడతానేమో అన్నట్టు.

ఒకరోజు ఫోన్ చేసి, "అమ్మణ్ణీ, రేపు బెంగళూరుకు పోదాం రా. నీకని ఒక పాతబండి చూసినా. నీ బండయితే ఎవురూ ఎక్కి అరవరు" అన్నాడు. పాపను అత్త దగ్గర వదిలి పోయాను. పాతకార్లు అమ్మే ఆవరణ అది. మేం చూడబోయిన చిన్నకారు మాకన్నా ముందు వచ్చినవాళ్ళు తీసుకుపోయారట. తిరిగి వచ్చేద్దామనుకుంటుండగా నాయన ఆగిపోయాడు. మూలన రేకుల నీడలో ఒక పరదేశపు బండి. మోకాలెత్తు. పైకప్పు గుడ్డ మడిచి వెనక్కి పడేసి ఉంది. కాగితాల్లో దాని రంగు నీలం అని రాశారు. నాయన ఒప్పుకోలేదు. "నీలం కాదు. నెమలికంఠం. ఎండలో ఒగ రంగు, నీడలో ఒగ రంగు" అన్నాడు. అమ్మే కుర్రాయన ఇంజను గురించి, గుర్రపుబలం గురించి గడగడా చెప్తున్నాడు. నాయన అవేమీ వినకుండా మడిచిన కప్పును పట్టుకొని, పట్టుచీర అంచు చూసినట్టు బొటనవేలితో రుద్ది చూశాడు. "ఈడ చినిగిండాది" అన్నాడు. నిజమే, రూపాయి బిళ్ళంత చిరుగు.

తర్వాత ఎక్కి కూర్చున్నాడు. నేను ఎప్పటికీ మరచిపోనిది అదే. ఆ బండిలో కూర్చోవడమంటే దిగడమే. నేలకు జానెడెత్తున కూర్చొని, కాళ్ళు ముందున్న గుంతలోకి చాపాలి. నాయన చాపాడు. కాళ్ళకు చెక్కల్లాగా పెడల్స్ తగిలాయి. ఎడమకాలు తొక్కాడు, వదిలాడు. కుడికాలు తొక్కాడు, వదిలాడు. మళ్ళీ ఎడమ. చెయ్యి దానంతటదే గాల్లో నాడె విసిరినట్టు ఒకసారి ఆడింది. ఆయన ముఖంలోకి చూడలేక నేను కుర్రాయన్ని ఏదో అడిగాను. కొంచెంసేపటికి నాయన, "కాళ్ళు కిందికి గాదు, ముందరికి. అంతే తేడా" అని తనకు తానే చెప్పుకున్నాడు. లేవడానికి అలవాటుగా కుడిచెయ్యి పైకెత్తి వెతికాడు. మగ్గం దగ్గర దూలానికి ఒక తాడు వేలాడేది, దాన్ని పట్టుకొని లేచేవాడు. ఇక్కడ చేతికి ఆకాశం తప్ప ఏమీ తగల్లేదు. నేను పోయి చెయ్యి అందించాను.

"వెనక సీట్లు లేవా?" అని కన్నడంలో అడిగాడు నాయన. కుర్రాయన ముఖం చిన్నబోయింది. ఇద్దరికే చోటండీ, దానికే ఎవరూ తీసుకోవడం లేదు అన్నాడు. నాయన నావైపు తిరిగి, "ఇద్దురే. తోలేటోళ్ళొకరు, గమ్మునుండేటోళ్ళొకరు. ఇంగ యాడ కూర్చొని అరుస్తారు?" అన్నాడు. నేను వద్దని వాదించిన మాట నిజం. చీరలు వేసుకుపోయే మనిషి, నలుగురు పట్టని బండి, మన రోడ్లు, మన దుమ్ము, పక్కరాష్ట్రపు కాగితాలు, విడిభాగాలు దొరకవు, ఇలా నా భయాలన్నీ వరసగా ఏకరువు పెట్టాను. నాయన అంతా విని, "అన్నీ నిజమే" అన్నాడు. అని కొన్నాడు.

కాగితాల పని ముగిశాక నాయనే తోలుకొచ్చాడు. నేను పక్కన తలకు చున్నీ చుట్టుకొని కూర్చున్నాను. పెనుకొండ దగ్గర టీకి ఆగితే జనం మూగారు. "ఏమప్పా, పైకప్పు యాడబోయింది?" అని ఒకాయన అడిగాడు. "వానలు పడే ఊర్లో పెట్టొచ్చినా. మనకు దాంతో ఏం పని?" అన్నాడు నాయన. అందరూ నవ్వారు. ఆ నవ్వు కొంచెం చేదుగా కూడా ఉండింది, వేరుశనగ విత్తి వానకోసం మొగులు వైపు చూస్తున్న రోజులవి.

ఇంటి దగ్గర ఇంకో పొరపాటు కాచుకొని ఉంది. ఫోన్‌లో నాయన "ఓపెన్ టాప్ బండి" అని ఒక్కమాట చెప్పి పెట్టేశాడట. మా వైపు ఓపెన్ టాప్ అంటే జీపు. పెళ్ళికొడుకును ఊరేగిస్తూ మెరవణి తీసేది, ఓట్లప్పుడు నాయకులు నిలబడి చేతులూపేది. అమ్మ వీధంతా చెప్పుకుంది. మేం దిగేసరికి ఎదురింటాయన తన కొడుకు పెండ్లి మెరవణికి బండి మాట్లాడుకుందామని తాంబూలం పళ్ళెంతో సహా నిలబడి ఉన్నాడు. బండిని చూసి, "దీంట్లో పెండ్లికొడుకు నిలబడితే పెండ్లికూతురు యాడ నిలబడాల? వాళ్ళిద్దురూ నిలబడితే తోలేదెవురు?" అన్నాడు. న్యాయమైన ప్రశ్న. అమ్మ మాత్రం గడపలోనే చతికిలబడింది. "ఆ దుడ్లకు పాత ట్రాక్టరు వచ్చుండు గదయ్యా! నేనూ ఎక్కేకి లేదు, చీరల మూట పెట్టేకీ లేదు. దీన్ని ఏం జేసుకోవల్ల, పూజ చేసుకోవల్లనా?" పూజ కూడా చేసింది, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి. కోపం కోపమే, నిమ్మకాయ నిమ్మకాయే.

ఆ తర్వాత ప్రతి శనివారం పాపను తీసుకొని ధర్మవరం పోయేదాన్ని. ఊరి బయట చేన్ల మధ్య తారురోడ్డు మీద పాఠం. నాయన పక్కన కూర్చొని కారు మాట ఒక్కటి కూడా అనలేదు. క్లచ్చు అనలేదు, గేరు అనలేదు. "ఎడమకాలు ఒకేసారి వదిల్తే పోగు తెగుతాది. మెల్లగ. ఆ చెక్క లేస్తాండంగానే ఈ చెక్క దిగల్ల" అనేవాడు. నేను వదిలేసేదాన్ని, బండి ఎగిరిపడి ఆగిపోయేది. అప్పుడు వెనక నుంచి అరుపుకోసం ఎదురుచూసేదాన్ని. వెనక సీటే లేదు. పక్కన నాయన దూరంగా కొండల్ని చూస్తూ, "తెగింది. అతుకు" అనేవాడు. అంతే. మగ్గం మీద పోగు తెగడం తప్పు కాదు. రోజుకు పదిసార్లు తెగుతుంది, ఎంతటి నేతగాడికైనా. తెగినప్పుడు ఎవరూ తిట్టుకోరు, ఆ కొసా ఈ కొసా పట్టుకొని వేళ్ళతో మెలేసి అతికి, మళ్ళీ నాడె అందుకుంటారు. ఇంత చదివి ఈ సంగతి నాకు ఇరవైఏడో ఏట తెలిసింది. బండి ఆగిపోయిందంటే నేను పనికిరానిదాన్నని కాదు, పోగు తెగింది, అంతే. నాలుగో శనివారానికి పోగులు తెగడం తగ్గింది. ఆరో శనివారం నేను వేగం పెంచితే గాలికి నాయన తువ్వాలు ఎగిరి చేన్లో పడింది. ఆపమని ఏదో అన్నాడట, గాలి హోరుకు నాకు వినబడలేదు. ఓపెన్ టాప్ వల్ల అన్నిటికన్నా పెద్ద లాభం అదేనని అప్పుడు అర్థమైంది. వెనక్కి తిరిగి పోయి తువ్వాలు తెచ్చుకున్నాం. మూడుసార్లు ముందుకూ వెనక్కూ తీసి బండి తిప్పింది నేనే.

ఆ బండిని సాకడం మాత్రం ఆటగా లేదు. మన వీధుల్లో స్పీడుబ్రేకర్లు ఎవరిష్టం వచ్చినట్టు వాళ్ళు వేసుకున్నవి. ఒక్కోదాన్ని ఏటవాలుగా ఎక్కించాలి, లేకుంటే పొట్ట గీరుకుంటుంది. ఎండకు బ్యాటరీ పడుకునేది. స్కూటర్లు బాగుచేసే మెకానిక్కు మూత తీసి చూసి, "అన్నా, నేను దీన్ని ముట్టుకోను" అని మర్యాదగా మూసేశాడు. కప్పుకు ఉన్న చిరుగు సంగతి ఏ దర్జీని అడిగినా తోలు అతుకు వేద్దామన్నారు. నాయన వద్దన్నాడు. పాత పడుగులో మిగిలిన దారం తీసుకొని, కొత్త పడుగును పాతదానికి అతికినట్టే పోగు పోగు కలిపి నాలుగు రోజులు కూర్చొని చిరుగు మూశాడు. మీద మైనం రుద్దాడు. అమ్మ కళ్ళద్దాలు పెట్టుకొని వెతికినా అతుకు కనబడలేదు. "వానే రాని ఊర్లో ఎవురికి చూపేకి?" అంది గానీ, ఆ రోజు ఆయనకు కాఫీ రెండుసార్లు ఇచ్చింది.

ఇక ఆ రోజు. మేము ధర్మవరంలో ఉన్నాం. తెల్లకారు మా ఆయన దగ్గర అనంతపురంలో ఉంది. నాయన వ్యానేమో చీరలతో బెంగళూరు పోయింది, వేరే మనిషి తోలుకుపోయాడు. మధ్యాహ్నం గాలి లేచింది. వీధి ఎర్రగా అయిపోయింది. అన్నం తింటున్న పాప గిన్నె పక్కకు నెట్టింది. మరుక్షణం పిల్లికూనలు మొదలయ్యాయి. మందు పీల్పించాను. తగ్గలేదు. పాపను పుట్టినప్పటినుంచి చూసే డాక్టరు అనంతపురంలో. ఫోన్ చేస్తే వెంటనే తీసుకురమ్మంది. నాయన తాళం తెచ్చాడు. ఆయనే తోలుతాడనుకున్నాను. ఆయన తాళం నా చేతిలో పెట్టాడు. "పాప అమ్మమ్మ ఒళ్ళో తప్ప యాడా నిలవదు. నాకు మోకాలు పట్టేసిండాది ఈ పొద్దు, కొంచేపైతే దిగను గూడా దిగలేను. నువ్వు తోలు" అన్నాడు. మోకాలు నిజంగానే పట్టేసిందో లేదో ఇప్పటికీ చెప్పడు. కప్పు లాగి, రెండు కొక్కేలు బిగించి, అద్దాలు మూసి దుమ్మును బయట పెట్టాడు. తన సీట్లో అమ్మను కూర్చోబెట్టి, ఒళ్ళో పాపను పెట్టి బెల్టు తగిలించాడు. తలుపు వేసేముందు నాతో ఒక్కమాటే అన్నాడు: "తొందరొద్దు."

రైల్వే గేటు దగ్గర పోగు తెగింది. గేటు లేచింది, నేను ఎడమకాలు వదిలేశాను, బండి ఎగిరిపడి చచ్చిపోయింది. వెనక లారీ, దాని వెనక బస్సు, అన్నీ ఒకే గొంతుతో. పక్కన అమ్మ. కప్పు మూసి ఉంది, ఆమె ఏమన్నా వినబడుతుంది. నేను ఆ అరుపుకోసం కాచుకున్నాను. అమ్మ పాప వీపు నిమురుతూ, ముందుకే చూస్తూ, "తెగింది గదా. అతుకు" అంది. ముప్పై ఏండ్లు ఆ మగ్గం పక్కన కూర్చొని నాడెలోకి దారపు కండెలు చుట్టిన మనిషి, ఆ మాట ఎక్కడ వాడాలో ఆమెకు తెలియకుండా ఎట్లా ఉంటుంది? నేను తాళం తిప్పాను. ఆ చెక్క లేస్తుండగానే ఈ చెక్క దించాను. బండి వెన్నలాగా కదిలింది.

బత్తలపల్లి దాటాక మొగులు కమ్మింది. నెలల తరబడి ఎదురుచూసిన వాన, ఆ రోజే, ఆ గుడ్డకప్పు మీదే పడింది. "ఇన్నాళ్ళు రానిది ఇప్పుడే..." అని మొదలుపెట్టిన అమ్మ చటుక్కున నాలుక కరుచుకుంది. మా వైపు వానను తిట్టరు, ఎంత అవసరం మీద ఉన్నా సరే. చెంపలేసుకొని, "రా తల్లీ, రా. మమ్మల్ని చేర్చి రా" అంది. నేను వైపరు వేశాను. అమ్మ తల పైకెత్తి అతుకు ఉన్న చోటునే చూస్తూ కూర్చుంది. ఒక్క చుక్క కారలేదు. వానతో దుమ్ము అణిగిపోయింది. ఎదురుగా రోడ్డు కడిగిన పలకలాగా ఉంది. నేను లారీని దాటాను. దాటొద్దని ఎవరూ అనలేదు. పాప శ్వాస వింటూ, గేర్లు మార్చుకుంటూ, జీవితంలో మొదటిసారి భయానికి తీరిక లేకుండా తోలాను.

డాక్టరు ముసుగు పెట్టి మందు ఆవిరి పట్టింది. కొంతసేపటికి పాప పెదవులకు రంగొచ్చి, బిస్కెట్టు అడిగింది. అప్పుడు గుర్తొచ్చి చూస్తే అమ్మ లోపలికి రాలేదు. పాపను నా చేతికిచ్చి కారులోనే ఉండిపోయింది. పాపను నర్సు దగ్గర కూర్చోబెట్టి, ఆమె గొడుగే వేసుకొని పోయి కారు తలుపు తీశాను. కుడికాలు పట్టుకొని కూర్చుని ఉంది. "కాలు పట్టేసిందే" అంది. ఏమైందమ్మా అన్నాను. సిగ్గుగా, "దోవ పొడుగునా తొక్కినా బ్రేకు. అరిస్తే నువ్వు బెదురుతావని, అరుపు మింగుకొని, కాల్తోనే తొక్కినా" అంది. ఆమె కాళ్ళ కింద రబ్బరు చాప ముడతలు పడి ముందుకు దూరి ఉంది. ఆమె కారులో, నేను వానలో, ఇద్దరమూ నవ్వాము, ఏడ్చాము, ఏది ఎంతో కొలవలేదు. సాయంత్రం ఫోన్ చేస్తే నాయన పాప సంగతి అడిగి, తర్వాత, "అతుకు నిలిచిందా?" అన్నాడు. నిలిచింది నాయనా అన్నాను. ఆయన అడిగింది కప్పు సంగతో నా సంగతో నేను అడగలేదు.

ఆ తర్వాత తెల్లకారు తాళం మేకుకు వేలాడింది తక్కువ. పాపకు ఆయాసం కూడా వయసుతో పాటు తగ్గుతూ వచ్చింది. బెంగళూరుకు ఒక్కదాన్నే పోయొచ్చాను. రాత్రిపూట గ్యాసు ఇప్పటికీ రెండుసార్లు చూస్తాను, అది వేరే. నెమలికంఠం బండి ధర్మవరంలో వేపచెట్టు నీడన టార్పాలిను కింద ఉంటుంది. నాయన సాయంత్రాలు టార్పాలిను తీసి, కప్పు మడిచి, కాసేపు దాంట్లో కాళ్ళు చాపుకొని కూర్చుంటాడు. ఎక్కడికీ పోడు. అమ్మ గడపలో నిలబడి, "ఏమయ్యా, ఎంతవరకు నేసినావు?" అని ఎగతాళి చేస్తుంది. చేస్తూనే పోయి చెయ్యి అందిస్తుంది, ఆయన లేవడానికి.

ఈరోజు ఇంటికి వచ్చాక చూస్తే నా సీటు వీపు మీద పాప బూటు గురుతు ఉంది, ఎర్రమట్టితో. తుడవకుండా వదిలేశాను. అమ్మ నోటితో తొక్కింది, కాలితో తొక్కింది, భయంతో నేనూ తొక్కాను, ఇప్పుడు చంక దిగి బడికి పోతున్న దీని వంతు. ఇంతమంది ఆడవాళ్ళం ఇన్నేళ్ళుగా ఇంత గట్టిగా బ్రేకు తొక్కుతూనే ఉన్నాం, కాలం మాత్రం ఒక్క గేటు దగ్గరైనా ఆగలేదు.